రెండు వేర్వేరు టికెట్లతో విమానం మారేటప్పుడు బ్యాగు సంగతేంటి?

ప్రశ్న: అంతర్జాతీయ ప్రయాణం. రెండు టికెట్లూ విడివిడిగా కొన్నవి, మధ్యలో మూడు గంటల వ్యవధి. చెక్-ఇన్ బ్యాగు చివరిదాకా వెళ్తుందా? ఇమిగ్రేషన్ దాటాలా?

జవాబు: పీఎన్ఆర్ (టికెట్ బుకింగ్ నంబరు) వేరైతే చాలాసార్లు బ్యాగు మధ్యలోనే దిగిపోతుందండీ. కౌంటర్లో ట్యాగు కట్టగానే దానిమీద పెద్దగా ఉన్న మూడక్షరాల కోడ్ చూడండి. అది చివరి ఎయిర్‌పోర్టుది కాకపోతే బ్యాగు మీరే తీసుకోవాలి. అసలు చిక్కు ఇక్కడే: బ్యాగులు వచ్చే బెల్టు ఇమిగ్రేషన్ దాటాక ఉంటుంది, అంటే ఆ దేశంలో అడుగుపెట్టే అనుమతి కావాలి. వీసా అవసరమై, అది లేకపోతే బయల్దేరే చోటే ఆపేయొచ్చు.

జవాబు: మూడు గంటలు చాలవు. ఇమిగ్రేషన్ క్యూ, బెల్టు, కస్టమ్స్, మళ్లీ చెక్-ఇన్, సెక్యూరిటీ. పైగా చెక్-ఇన్ కౌంటర్ చాలాచోట్ల 60 నిమిషాల ముందే మూసేస్తారు, మిగిలేది రెండే గంటలు. ఒకే పీఎన్ఆర్ అయితే, మొదటిది ఆలస్యమైనప్పుడు ఎయిర్‌లైన్ వాళ్లే మరో విమానం ఎక్కిస్తారు. విడి టికెట్లకు ఆ పూచీ ఉండదు.

జవాబు: అమెరికా మీదుగా వెళ్తే సాధారణంగా ఒకే టికెట్టయినా మొదట దిగినచోటే ఇమిగ్రేషన్, బ్యాగు, కస్టమ్స్ అన్నీ. డ్యూటీఫ్రీలో కొన్న 100 మి.లీ. దాటిన సీసాలు బ్యాగు తిరిగి అప్పగించేముందే అందులో సర్దేయండి, లేదంటే సెక్యూరిటీ దగ్గర వదులుకోవాల్సి రావచ్చు.