జంతు ఆశ్రయ భారం ఊరిదా, మున్సిపాలిటీదా?

కాలువగట్టు:
మా పట్టణ శివార్లలో వీధికుక్కలకు, గాయపడిన పశువులకు ఒక చిన్న ఆశ్రయం ఉంది. 6 ఏళ్ళుగా అది పట్టణ ప్రజల చందాల మీదే నడుస్తోంది. గత నెల డీజిల్‌కు డబ్బు లేక దాని అంబులెన్స్ 9 రోజులు కదలలేదు. మళ్ళీ చందాల పుస్తకం పట్టుకుని బయలుదేరే ముందు సభ్యుల అభిప్రాయం తెలుసుకోవాలనుకుంటున్నాను. 2023 నాటి జంతు సంతాన నియంత్రణ నియమాల ప్రకారం కుక్కలకు ఆపరేషన్లు, రేబిస్ టీకాలు చేయించవలసిన బాధ్యత స్థానిక సంస్థలదే అయినప్పుడు, ఆ ఖర్చుకోసం ఇంటింటికీ తిరిగి చేయి చాపడం న్యాయమేనా?

లెక్కలమాస్టారు:
న్యాయం కాదన్నదే నా అభిప్రాయం. నాకు జంతువుల మీద కోపం లేదు; మా వీధి చివరి కుక్కకు రోజూ మా ఇంటి అన్నమే. అయితే చందా మనసు కరిగిన రోజు వస్తుంది, కరగని రోజు రాదు. కుక్కకు ఆకలి మాత్రం రోజూ వేస్తుంది. పైగా పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను ఆశ్రయాలకు తరలించాలని, వాటిని తిరిగి అక్కడ వదలరాదని సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఆదేశించింది. అలా వచ్చిన కుక్క పదేళ్ళు బతికితే ఆ పదేళ్ళూ దానికి తిండి, వైద్యం, కాపలా కావాలి. నెలకు 100 రూపాయలిచ్చే రిటైర్డ్ ఉద్యోగుల మీద, కిరాణా కొట్ల మీద ఇంత బరువు మోపితే, మున్సిపాలిటీ తప్పుకోవడానికి మనమే దారి చూపినట్లవుతుంది.

ఆదివారం వాలంటీరు:
మాస్టారు గారి వాదనలో సగం ఒప్పుకుంటాను. ఆపరేషన్లకు, టీకాలకు, షెడ్లకు మున్సిపాలిటీ డబ్బివ్వాలి, ఇచ్చేదాకా అడగాలి. కానీ హైదరాబాదులో 1992లో మొదలైన బ్లూ క్రాస్ గానీ, విశాఖలో 1996లో మొదలైన వి.ఎస్.పి.సి.ఎ. గానీ, ఈ జంతు సంరక్షణ సంస్థలు ప్రభుత్వం పెట్టినవి కావు, పౌరులు పూనుకుని పెట్టినవి. నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం మా ఆశ్రయంలో పనిచేస్తున్నదాన్ని కనుక, అది దేనిమీద నిలబడి ఉందో నేను చూసింది చెబుతాను.

గత వానాకాలంలో చెవి వెనక పుండులో పురుగులు పట్టిన గోధుమరంగు కుక్క ఒకటి వచ్చింది. ఒకరు దాని మూతిని గాజుగుడ్డతో కట్టి తలను ఒడిలో పట్టుకుంటే, ఇంకొకరు పట్టకారుతో ఒక్కొక్క పురుగునూ తీశారు. తీసినకొద్దీ లోపలి నుంచి ఇంకా వచ్చేవి. ఒక్క పూటకే గంట పట్టింది. రోజూ కడిగి మందు వేస్తే మూడు వారాలకు పుండు మానింది. ఆపరేషన్‌కు ఇంత అని కుక్కల లెక్కన ఇచ్చే డబ్బులో ఆ గంటకు పద్దు ఉండదు. ఆ పని చేసింది ఒక టైలరు, ఇంటర్ చదివే ఒక అమ్మాయి. మిల్లువాళ్ళు నూకలు పంపుతారు, చికెన్ కొట్టువాళ్ళు కోడి మెడలు విడిగా తీసి ఉంచుతారు. ఇవేవీ చందాల పుస్తకంలోకి ఎక్కవు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. మామూలు వీధుల్లో పట్టుకున్న కుక్కను, రేబిస్ సోకినదో కరిచే స్వభావం ఉన్నదో అయితే తప్ప, ఆపరేషన్, టీకా అయ్యాక అదే చోట వదలాలని సుప్రీంకోర్టే 2025 ఆగస్టు 22న చెప్పింది. మా దగ్గర ఉన్నవి 16 గదులు. ఆపరేషన్ అయిందనడానికి చెవి కొస కత్తిరించిన గుర్తు చూపించినా "మా వీధికి మళ్ళీ తేవద్దు" అని నలుగురు అడ్డుపడితే ఆ కుక్క గదిలోనే ఉండిపోతుంది. ఆ గదిలోకి రావలసిన ఆడకుక్క బయటే ఉండి, చూడికడితే రెండు నెలల్లో ఈనుతుంది. రాత్రిపూట గేటు దగ్గర అట్టపెట్టెలో కుక్కపిల్లలను వదిలి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. వాటిలో ఒకదానికి పార్వో అనే అంటువ్యాధి ఉన్నా టీకా పడని పిల్లలన్నిటికీ అంటుకుంటుంది. చందా ఇచ్చి కుక్కను వద్దనే వీధికంటే, రూపాయి ఇవ్వకపోయినా కుక్కను వెనక్కి రానిచ్చే వీధే మాకు ఎక్కువ ఆసరా. మున్సిపాలిటీ ఎంత డబ్బిచ్చినా ఆ అంగీకారాన్ని కొనిపెట్టలేదు.

లెక్కలమాస్టారు:
గదుల సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా ఆరుబయట ఆడుకునే పసిపిల్లల తల్లి కుక్కను తేవద్దంటే ఆమెను కఠినురాలని అనలేం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యమని తెలిసిన ఎవరికైనా ఆ భయం ఉంటుంది. ఏ కుక్కకు ఏ తేదీన టీకా పడిందో కాగితం మీద రాసి ఆమె చేతికివ్వండి. నెలనెలా జమాఖర్చులు గేటు మీద అంటించండి. అప్పుడు నేనూ చందా ఇస్తాను, మున్సిపాలిటీకి అర్జీ కూడా నేనే రాస్తాను.

ఆదివారం వాలంటీరు:
ఆ తల్లి భయం నిజమైనదే. ఆమెతో మాట్లాడకుండా రాత్రివేళ కుక్కను వదిలి వచ్చిన రోజులు మాకూ ఉన్నాయి, అది తప్పు. ఇప్పుడు రెండో వార్డులో 11 కుక్కలను వదలవలసి ఉంది. ఫొటో, ఆపరేషన్ తేదీ, టీకా తేదీ, మళ్ళీ ఏడాదికి వేయవలసిన టీకా తేదీ ఉన్న కార్డులు రాస్తున్నాం. వచ్చే ఆదివారం ఉదయం 7 గంటలకు ఇంటింటికీ వెళతాం. మాస్టారు గారు వస్తానంటే జమాఖర్చుల పుస్తకం కూడా తీసుకువస్తాను.