రాయిలో ఉన్నది బలమా, ఊపా? డిగ్రీ క్లాసులో పిల్లల సొంత ఆలోచనకి చోటివ్వాలా?

నాగావళి గట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

శ్రీకాకుళం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. మొన్న స్టాఫ్ రూములో మొదలై తెగని వాదన ఇది.

ఫస్టియర్ క్లాసులో ఒక ప్రశ్న ఇచ్చాను. మామిడికాయ కోసం రాయి నిట్టనిలువుగా పైకి విసిరారు. చెయ్యి వదిలేసింది, రాయి ఇంకా పైకి పోతూనే ఉంది. గాలి సంగతి వదిలేసి, ఆ క్షణంలో రాయి మీద పనిచేసే బలాలకి బాణాలు గీయమన్నాను. నలుగురైదుగురు తప్ప అందరూ పైకి ఒక పెద్ద బాణం, కిందికి ఒక చిన్న బాణం గీశారు. పై బాణం ఏమిటంటే "చెయ్యి ఇచ్చిన ఫోర్స్ సార్" అన్నారు. చెయ్యి వదిలేశాక ఉన్నది కిందికి లాగే గురుత్వ బలం ఒక్కటే. వీళ్లంతా ఇంటర్లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లే. అదే రాయి ఎంత ఎత్తుకి పోతుందని అడిగితే అర నిమిషంలో లెక్క చేసి చూపించారు.

దీని మీద రెండు పీరియడ్లు వాళ్లలో వాళ్లనే వాదించుకోనిస్తానన్నాను. మా సహోద్యోగి ఒప్పుకోలేదు. "సూత్రం చెప్పి లెక్కలు చేయించు, సెమిస్టరు ఆగదు" అన్నారు. నాకైతే ఆ పై బాణాన్ని అలాగే వదిలేసి ముందుకి పోవడం పిల్లలకి అన్యాయం చేయడమే. మీరేమంటారు?

రాజాం లెక్కలు

మీ బాధ నిజమే గానీ నేను మీ సహోద్యోగి పక్షం. ఇరవై ఏళ్ల పైనుంచి లెక్కలు చెబుతున్నాను. మన దగ్గరికొచ్చేవాళ్లలో చాలామంది ఇంట్లో డిగ్రీ మెట్టు ఎక్కిన మొదటివాళ్లు. వాళ్లని గట్టెక్కించేది సాధన. చర్చ పెడితే విషయం తెలిసినవాళ్లిద్దరు మాట్లాడతారు, వెనక బెంచీ వింటుంది. బయటికొచ్చాక ఏది ఒప్పో ఏది తప్పో గుర్తుండదు, తప్పు చెప్పినవాడి గొంతే గుర్తుంటుంది.

ఇది నా ఒక్కడి మాట కాదు. 2006లో కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ అనే ముగ్గురు విద్యా పరిశోధకులు దీని మీదే వ్యాసం రాశారు. కొత్తగా నేర్చుకునేవాడికి దారి చూపకుండా నువ్వే కనుక్కో అంటే వాడి బుర్ర వెతుకులాటకే ఖర్చైపోతుందనీ, ముందు చేసి చూపించిన లెక్కలు ఇవ్వాలనీ వాళ్ల వాదన. నాకు డిఫరెన్షియేషన్ అర్థమైంది పాఠం విన్న రోజు కాదు, వందల లెక్కలు చేశాక.

కోట దగ్గర కెమిస్ట్రీ

విజయనగరం నుంచి. రాజాం మేష్టారూ, సాధన వద్దని ఎవరూ అనరు. లెక్క వచ్చినంత మాత్రాన విషయం వచ్చినట్టేనా అన్నదే ఇక్కడి ప్రశ్న.

హార్వర్డ్‌లో ఫిజిక్సు చెప్పే ఎరిక్ మజూర్‌కి ఇదే అనుభవం. తన పాఠం బాగుందని అందరూ అంటుంటే ఆయనా నమ్మారు. ఫిజిక్సు బోధన మీద పరిశోధించిన హెస్టెనెస్ బృందం తయారుచేసిన ప్రశ్నలు క్లాసుకిచ్చారు. అందులో లెక్కలుండవు, రోజువారీ సంగతులే ఉంటాయి. ఒక విద్యార్థి లేచి, మీరు నేర్పినట్టు రాయాలా, నేను అనుకునేట్టు రాయాలా అని అడిగారట. ఆ తర్వాతే ఆయన పిల్లలని పక్కవాళ్లతో వాదించనిచ్చే పద్ధతికి మారారు. 1998లో రిచర్డ్ హేక్ అనే ఫిజిక్సు ప్రొఫెసర్ 62 కోర్సుల్లో ఆరు వేలకి పైగా విద్యార్థుల ఫలితాలు ఒకచోట చేర్చారు. నేర్చుకోవడానికి మిగిలి ఉన్న దాంట్లో, పాఠం వినడమే ప్రధానమైన క్లాసులు సగటున 23 శాతం నేర్పితే, పిల్లలు ఆలోచించి మాట్లాడుకున్న క్లాసులు 48 శాతం నేర్పాయి. అక్కడ కూడా మేష్టారు దారి చూపిస్తూనే ఉంటారు. మీరు చెప్పిన 2006 వ్యాసం దారి చూపని చదువు గురించి కదా.

నా సబ్జెక్టులోనూ ఇంతే. నీళ్లు తెర్లుతున్నప్పుడు బుడగల్లో ఏముంటుందని అడిగితే హైడ్రోజన్, ఆక్సిజన్ అంటారు ఫైనలియర్ పిల్లలు. ఉన్నది నీటి ఆవిరే. నౌపడ ఉప్పు మడులు చూసి పెరిగిన పిల్ల కూడా అదే మాట చెప్పింది. మళ్లో నీరు ఆవిరై పోయినప్పుడు విడిపోయి పోతోందా, నీరుగానే పోతోందా అని నేను అడిగే దాకా ఆ రెండింటినీ కలిపి ఆలోచించలేదు.

ఇచ్ఛాపురం పాసింజర్

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ సెకండియర్. ఇంటర్ దాకా తెలుగు మీడియం. 2021 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే కదా.

ఒక్క మాట చెబుతాను, తప్పైతే మన్నించండి. మా ఊళ్లో ఎవరూ రాయిలో బలం ఉందనరు. "మాంచి ఊపు మీదుంది" అంటారు. ఎడ్లబండి పల్లంలో ఆగకపోతే "ఊపు తగ్గలేదు" అంటారు. క్లాసులో ఫోర్స్ ఏదని అడుగుతారు. రాయి దగ్గర ఏదో ఉందని మాకు తెలుసు. దానికి మాకు వచ్చిన ఇంగ్లీషు మాట ఫోర్స్ ఒక్కటే. అదే గీసేస్తాం. ఆ ఊపుకి వేరే పేరు ఉందని ఎవరూ చెప్పలేదు మేష్టారూ. మొమెంటమ్ అంటే ఎమ్‌వీ, ద్రవ్యరాశి ఇంటూ వేగం అని బట్టీ పట్టాను గానీ అదీ ఇదీ ఒకటేనని అనుకోలేదు.

నాగావళి గట్టు

బాబూ, మన్నించమనాల్సింది నువ్వు కాదు. నిన్న రాత్రి నీ మాట చదివాక నిద్ర పట్టలేదు. పొద్దున్నే క్లాసుకెళ్లి బోర్డు మీద రెండు గళ్లు గీశాను. ఒకటి "రాయి మీద ఏం పనిచేస్తోంది?" రెండోది "రాయి దగ్గర ఏముంది?" తెలుగులోనే మాట్లాడమన్నాను. పై బాణం గీసినవాళ్లు ఎవరూ చెప్పకుండానే దాన్ని రెండో గడిలోకి మార్చారు. "ఊపు" అని రాశారు. మొదటి గడిలో భూమి లాగడం ఒక్కటే మిగిలింది.

ఇంతలో మూడో బెంచీ అమ్మాయి లేచింది. "అడ్డొచ్చేది ఏదీ లేదు కదా సార్, మరి ఊపుని ఎవరు తినేస్తున్నారు?" అంది. క్లాసంతా కాసేపు నిశ్శబ్దం. వెనకనుంచి ఒకబ్బాయి, "భూమి లాగుతూనే ఉంది కదా, అదే తింటోంది" అన్నాడు. సెకనుకి ఎంత తింటోందని అడిగాను. అక్కణ్నుంచి పాఠం వాళ్లే నడిపారు. బలమంటే ఊపు మారే రేటు. 1687లో న్యూటన్ తన రెండో నియమాన్ని చెప్పింది కూడా చలన పరిమాణంలో, అంటే ఈ మొమెంటమ్‌లో, మార్పు గురించే. ద్రవ్యరాశి ఇంటూ త్వరణం అని మనం నేర్పేది దాన్నుంచి వచ్చిన రూపం.

నాకు ఇన్నాళ్లూ తట్టనిది ఇదే. పిల్లలది ఖాళీ బుర్ర కాదు, చెత్త నిండిన బుర్రా కాదు. 14వ శతాబ్దంలో పారిస్‌లో బురిడాన్ అనే పండితుడు కూడా విసిరినదానిలో ఏదో మిగిలి ఉంటుందనీ, బరువూ వేగమూ పెరిగితే అది పెరుగుతుందనీ అన్నాడు. మా క్లాసు పిల్లలు చెప్పింది ఇంచుమించు అదే. వాళ్ల దగ్గరున్నది సరైన సరుకే, తప్పు పేరు మీద ఉంది. వాళ్ల చేత మాట్లాడించకపోతే అది మనకి ఎలా తెలుస్తుంది?

రాజాం లెక్కలు

ఆ అమ్మాయి ప్రశ్న చదివి సంతోషం వేసింది, దాచను. కానీ తొందరపడకండి. "ఊపు" మంచి మాటే, దాని అర్థానికి హద్దు మాత్రం సరిగ్గా లేదు. ఉయ్యాలకీ ఊపే, పాటకీ ఊపే. లారీ ఊపంటే ద్రవ్యవేగమా (అదే మొమెంటమ్), గతిజశక్తా (కదలిక వల్ల ఉండే శక్తి)? ఊరి మాట ఆ రెండింటినీ విడదీయదు. అక్కడ ఆపేస్తే ఒక తప్పు పోయి ఇంకోటి పుడుతుంది. పరీక్షలో ఇంగ్లీషులో రాయాల్సింది వాళ్లే, మనం కాదు.

అరసవల్లి వీధి

నేను జాగ్రఫీ చెబుతాను. రాయి గురించి మీరు తేల్చుకోండి, నాది సూర్యుడి గురించి.

ఎండాకాలం ఎందుకొస్తుందంటే డిగ్రీ పిల్లలు కూడా "భూమి సూర్యుడికి దగ్గరగా వెళ్తుంది మేడమ్" అంటారు. భూమి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జులై మొదట్లో 15.2 కోట్లు. ఈ అంకెలు చెబితే రాసుకుంటారు. వారం తర్వాత అడిగితే మళ్లీ దగ్గరా దూరమే.

అందుకని అంకెలు మానేశాను. మన అరసవల్లి గుళ్లో ఆదిత్యుడి పాదాల మీద సూర్యకిరణాలు ఎప్పుడు పడతాయని అడిగాను. అందరికీ తెలుసు, మార్చిలో ఒకసారి, అక్టోబరు మొదట్లో ఒకసారి. ఏడాదికి రెండుసార్లే ఎందుకని అడిగాను. "అప్పుడు దగ్గరగా వస్తాడు" అని ఒకరన్నారు. దగ్గరైతే వేడి పెరగాలి గానీ గుమ్మంలోంచి తిన్నగా పాదాల మీదికి ఎలా వస్తుందని పక్కనున్న పిల్లే అడిగింది. దూరం దిక్కుని మార్చదని వాళ్లకే తోచింది. అప్పుడు సూర్యుడు పొడిచే చోటుని నెలనెలా గుర్తుపెట్టుకోమన్నాను. మార్చి మొదట్లో తూర్పుకి కాస్త దక్షిణంగా పొడుస్తాడు. అక్కణ్నుంచి ఉత్తరానికి జరుగుతూ జూన్‌లో వెనక్కి తిరిగి, అక్టోబరు మొదట్లో దాదాపు అదే చోటికి వస్తాడు. భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉందన్న మాట అప్పుడు చెప్పాను. దానికి మూడు వారాలు ముందుగా చెప్పి ఉంటే నోట్సులో పడి ఉండేది.

ఒక అబ్బాయి గట్టిగానే ఎదిరించాడు. జులై చివర కూడా మన జిల్లాలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు కదా, మే మధ్యలో లాగే, మరి జులైలో అంత ఎండెందుకు లేదని. మబ్బులూ వానలూ అని ఇంకొకడు. ఈ వాదనకి పీరియడంతా పోయింది. పోతే పోయిందనుకున్నాను.

నాగావళి గట్టు

మేడమ్, ఈ మార్చిలో మా పిల్లలని తెల్లారకముందే తీసుకొస్తాను.

రాజాం మేష్టారూ, మీరన్నది నూటికి నూరుపాళ్లూ నిజం. ఊపుతో మొదలుపెట్టగలను గానీ దాంతో ముగించలేను. ద్రవ్యవేగాన్నీ గతిజశక్తినీ విడదీసే లెక్క ఒకటి మీరే ఇవ్వండి. వాదన నేను పెడతాను, సాధన మీది.

రాజాం లెక్కలు

సరే, రాసుకోండి. నున్నటి నేల మీద రెండు బండలు జారుతున్నాయి. ఒకటి 2 కిలోలు, వేగం సెకనుకి 3 మీటర్లు. రెండోది 1 కిలో, సెకనుకి 6 మీటర్లు. రెండింటినీ 3 న్యూటన్ల బలంతో ఎదురుగా నెట్టి ఆపుతాం. ఏది ముందు ఆగుతుంది? ఏది ఎక్కువ దూరం పోతుంది? లెక్క చేయకముందే ఊహించి రాయమనండి. ఆ తర్వాతే పెన్ను పట్టాలి.

ఇచ్ఛాపురం పాసింజర్

తేలికది ఎక్కువ వేగంలో ఉంది గనక ఆలస్యంగా ఆగుతుందనుకున్నాను. లెక్క చేస్తే రెండూ 2 సెకన్లకే ఆగుతున్నాయి. దూరం మాత్రం ఒకటి 3 మీటర్లు, ఇంకోటి 6. రెండుసార్లు చేసి చూశాను. టైము చూస్తే రెండింటి ఊపూ ఒకటే. దూరం చూస్తే రెండోదానికి రెట్టింపు. మేష్టారూ, మా ఊళ్లో ఊపు అనేది ఈ రెండింట్లో దేన్ని?