కిరీటం గెలిస్తే సినిమాలు వాటంతటవే వస్తాయా? కెల్లీ హూ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

బీటీఎం_అక్క:
మా చెల్లి ఇక్కడే బెంగళూరులో డిగ్రీ సెకండియర్ అండి, మొన్న కాలేజీ ఫెస్ట్‌లో అందాల పోటీ గెలిచింది, ఇక ఆరోజు నుంచి సినిమాల ధ్యాసే. ఆదివారం నా పీజీకి వస్తే ఇద్దరం ద స్కార్పియన్ కింగ్ చూశాం, అందులో మంత్రగత్తెగా చేసిన కెల్లీ హూ కూడా అందాల పోటీల నుంచే వచ్చిందంట, "చూశావా అక్కా, కిరీటం ఉంటే చాలు" అంటోంది. నాకేమో భయంగా ఉంది. ఆమెకి గెలిచిన వెంటనే అవకాశాలు వచ్చేశాయా?

ఇందిరానగర్_రవి:
వెంటనే ఎక్కడండీ. ఆమెది హవాయిలోని హొనొలులు, చైనీస్, హవాయి, ఇంగ్లిష్ మూలాలు కలిసిన కుటుంబం. 1985లో మిస్ టీన్ యూఎస్ఏ అయింది, ఆసియా మూలాలున్న అమ్మాయికి ఆ కిరీటం రావడం అదే మొదటిసారి. 1987లో గ్రోయింగ్ పెయిన్స్ సీరియల్లో చిన్న వేషం, 1989లో ఫ్రైడే ద థర్టీన్త్ అనే హారర్ సినిమా ఎనిమిదో భాగంలో ఇంకో చిన్నది, 1993లో మళ్లీ పోటీకెళ్లి మిస్ హవాయి యూఎస్ఏ గెలిచింది. మీరు చూసిన సినిమా 2002ది, అంటే మొదటి కిరీటానికీ దానికీ మధ్య 17 ఏళ్లు! నన్నడిగితే ఆమెని నిలబెట్టింది ఫైట్లే, 1998లో మొదలైన మార్షల్ లా సీరియల్లో హాంకాంగ్ ఫైట్ సినిమాల హీరో సమ్మో హంగ్ లాంటి మనిషి పక్కన చేసింది మరి. 2003 ఎక్స్‌మెన్ సినిమాలో డైలాగులు దాదాపు లేవు, అయినా హ్యూ జాక్‌మన్‌తో ఆ ఫైట్, వేళ్లలోంచి గోళ్లు పొడుచుకొచ్చే ఆ సీను నేనింకా మర్చిపోలేదు.

వడపళని_గొంతు:
చెన్నైలో డబ్బింగ్ చెప్తుంటానమ్మా, నాకు తెలిసింది చెప్తా. ఫినియస్ అండ్ ఫెర్బ్ కార్టూన్లో స్టేసీ ఉంది చూడు, ఇంగ్లిష్‌లో ఆ గొంతు ఈమెదే. మొహం కనపడని పని కూడా అంత శ్రద్ధగా చేసింది. మీ చెల్లికి తెలుగు చదవడం వచ్చా? బయట పెరిగిన పిల్లలు గలగలా మాట్లాడతారు గానీ పేపరు చేతిలో పెడితే ఒత్తులు మింగేస్తారు, మైకు ముందు అది దాగదు. రోజూ ఒక పేజీ పైకి చదివించు తల్లీ.

తెనాలి_టు_బెంగళూరు:
మా తెనాలిలో పుట్టిన శోభిత ధూళిపాళనే తీసుకోండి, 2013లో ఫెమినా మిస్ ఇండియా ఎర్త్, మొదటి సినిమా 2016లో, తెలుగులో గూఢచారి 2018లో. ఇంకోటి సిస్టర్, పోర్ట్‌ఫోలియో తీస్తాం వేషం ఇప్పిస్తాం అని ముందే డబ్బులడిగేవాళ్లని నమ్మొద్దు. ఇక్కడే ఒకడికి మా మరదలు 35 వేలు కట్టింది, ఫొటోలొచ్చాయి, తర్వాత ఫోన్ ఎత్తలేదు, పిల్ల ఆర్నెల్లు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

బీటీఎం_అక్క:
మీరు చెప్పాక గట్టిగా అడిగితే ఇప్పుడు ఏడుస్తూ చెప్పింది, దానికీ ఒకాయన ఫోన్ చేసి 40 వేలు అడిగాడంట, నాన్నకి తెలీకుండా నన్ను అడుగుదామనే ఆదివారం వచ్చిందంట. ఆ నంబర్ బ్లాక్ చేయించాను. వడపళని అన్నయ్యా, చదవడానికి ఏ పుస్తకంతో మొదలుపెట్టమంటారు?