ఇంగ్లీషు ‘ఫుల్’, మన ‘పూర్ణం’ చుట్టాలేనా?

పరకాల టీచర్:
మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకటే అడుగుతోంది: పోలెల్లో పెట్టేది పూర్ణం, బస్సు నిండితే ఫుల్, రెండూ ఒకే మాటా అని. స్టాఫ్‌రూంలో ఒక సార్ ఇంగ్లీషువాళ్లే మన దగ్గర తీసుకున్నారంటారు. పిల్లకు తప్పు చెప్పొద్దు కదా, తెలిసినవాళ్లు చెప్పండి.

హన్మకొండ, రిటైర్డ్ సంస్కృతం లెక్చరర్:
ఎంత మంచి ప్రశ్న మేడం! చుట్టాలే. కానీ ఒకరి దగ్గర ఒకరు తీసుకున్నది కాదు, ఇద్దరిదీ ఒకే మూలం. పూర్ణం మనకు సంస్కృతం నుంచి వచ్చింది, అచ్చ తెలుగులో అది ‘నిండు’. ఫుల్ వెనుక ఉన్నది ఇంగ్లీషు, జర్మన్ లాంటి భాషలకు మూలమైన పాత జర్మానిక్ భాషలోని విశేషణం *ఫుల్లజ్. ముందు ఆ నక్షత్రం గుర్తు ఎందుకంటే, ఆ రూపం ఎక్కడా రాసి దొరకలేదు, పండితులు లెక్కగట్టి తేల్చారు. అదే కుటుంబంలోని పాత భాష గోతిక్‌లో రాసిన బైబిల్లో ‘ఫుల్స్’ అని మాత్రం దొరుకుతుంది.

ఇంకా వెనక్కి పోతే, సంస్కృతానికీ ఇంగ్లీషుకూ ఉమ్మడి మూలమైన ఇండో-యూరోపియన్ భాషలోని మూలరూపం. మొదట ‘ప’, తర్వాత మన అక్షరమాలలో ఉండీ ఎవరూ వాడని ‘ఌ’, గొంతులో పలికే ఒక హల్లు, చివర ‘నోస్’. జర్మానిక్‌లో ప కాస్తా ఫ అయింది. పాదం–ఫుట్, పితృ–ఫాదర్ చూడండి. జర్మన్ భాషా పండితుడు జేకబ్ గ్రిమ్ 1822లో వివరించిన సూత్రం ఇదే. ఌ ‘ఉల్’ అయింది, పక్కనున్న న దానిలో కలిసిపోయి ల్ల అయింది. సంస్కృతంలో ఌలోని ల ర అయింది, ఆ గొంతు హల్లు పోతూ పోతూ అచ్చును దీర్ఘం చేసింది, అందుకే ‘పూ’.

నర్సంపేట నుంచి:
సార్, రెండు మాటలు కలిసినంత మాత్రాన చుట్టరికం అంటే ఎట్ల? యూట్యూబ్‌లో రోజూ ఇట్లాంటివే కదా.

హన్మకొండ, రిటైర్డ్ సంస్కృతం లెక్చరర్:
సరిగ్గా అడిగావు బాబూ. పోలిక సరిపోదు, అదే మార్పు ఇంకో మాటలోనూ జరగాలి. సంస్కృతంలో ఊర్ణ అంటే ఉన్ని, సాలెపురుగును ఊర్ణనాభి అనేది అందుకే. ఇంగ్లీషులో అదే వుల్. పూర్ణ–ఫుల్, ఊర్ణ–వుల్: ఇక్కడ ర్ణ ఉన్నచోట అక్కడ ల్ల. పైగా అదే ఇండో-యూరోపియన్ కుటుంబంలోని లిథువేనియన్ భాషలో ఈ రెండూ పిల్నస్, విల్న. ల, న రెండూ ఇప్పటికీ పక్కపక్కనే నిలిచి ఉన్నాయి! నాకు అన్నిటికన్నా నమ్మకం కలిగించిన సాక్ష్యం అదే.

పరకాల టీచర్:
సార్, పార్టీలవాళ్లు పెట్టే ప్లీనరీ కూడా ఇదేనా?

హన్మకొండ, రిటైర్డ్ సంస్కృతం లెక్చరర్:
అవును మేడం, లాటిన్ ‘ప్లేనుస్’ నుంచి, అంటే నిండైనది. ధాతువు అదే. లాటిన్‌లో ప మారలేదు చూడండి. రేపు బోర్డు మీద ఊర్ణ, వుల్ రాసి, పూర్ణకు జత ఏదో ఆ అమ్మాయినే చెప్పమనండి.