ఎడిసన్ నుంచి ఫ్రిస్కోకి: కారు ఇన్సూరెన్స్, సరుకులు, కరెంటు కలిపి చూస్తే ఎంత మిగులుతుంది?

ఓక్‌ట్రీ_వాసి:

అందరికీ నమస్కారం. జూన్‌లో న్యూజెర్సీ ఎడిసన్ నుంచి టెక్సాస్ ఫ్రిస్కోకి మారుతున్నాం. ఇద్దరం, ఒక పాప, రెండు పెట్రోల్ కార్లు. మొదటి ఏడాది 2,600 చదరపు అడుగుల ఇండిపెండెంట్ ఇల్లు అద్దెకి చూస్తున్నాం. స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి బోలెడు మిగులుతుందని అందరూ అంటున్నారు. తీరా కారు ఇన్సూరెన్స్ కోట్ అడిగితే, ఇక్కడ రెండు కార్లకీ కలిపి ఆరు నెలలకి 1,240 డాలర్లు కడుతుంటే అక్కడ 1,310 అన్నారు. పైగా ఆ కోట్‌లో 30/60/25 అని ఉంది, ఇక్కడ మాది 100/300/50. పిప్ (మన వైద్యం ఖర్చు మన పాలసీయే ఇచ్చే కవరేజీ) అన్న లైనే లేదు. ఈ రెండింటినీ ఎలా పోల్చాలి? సరుకులు, కరెంటు, టోల్ సంగతి కూడా తెలిసినవాళ్లు లెక్కలతో చెప్పగలరు. "అక్కడ అన్నీ చీపే బ్రో" లాంటి జవాబులు వద్దు, దయచేసి.

డెక్_పేజీ_చదివేవాడు:

ఆ రెండు కోట్లూ పక్కపక్కన పెట్టి చూడ్డానికి పనికిరావండీ. మీకు పంపింది టెక్సాస్ చట్టం ఒప్పుకునే అతి తక్కువ కవరేజీ. తప్పు మీదైతే ఎదుటి మనిషి ఒక్కరికి 30 వేలు, గాయపడినవాళ్లందరికీ కలిపి 60 వేలు, వాళ్ల బండికీ ఆస్తికీ 25 వేలు. ఫ్రిస్కో సిగ్నళ్ల దగ్గర మీ ముందు ఆగే బళ్లు చూస్తే 25 వేలు ఏ మూలకి? ఆ పైన పడేదంతా మీ జేబులోంచే. 100/300/100కి కోట్ మళ్లీ అడగండి. లిమిట్ మూడింతలైనంత మాత్రాన ప్రీమియం మూడింతలు కాదు. చిన్న క్లెయిములే ఎక్కువగా వస్తాయి కాబట్టి ఖరీదంతా మొదటి వేల డాలర్ల మీదే ఉంటుంది.

ఇక పిప్. న్యూజెర్సీ నో-ఫాల్ట్ రాష్ట్రం కాబట్టి తప్పెవరిదైనా మీ వైద్యం ఖర్చు మీ పాలసీయే చూసుకుంటుంది. టెక్సాస్‌లో తప్పు చేసినవాళ్ల ఇన్సూరెన్స్ కట్టాలి. అది తేలేదాకా ఆసుపత్రి బిల్లు మీ హెల్త్ ఇన్సూరెన్స్ మీద, అంటే దాని డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ కట్టే ముందు మీ జేబులోంచి పెట్టాల్సిన మొత్తం) మీద పడుతుంది. టెక్సాస్ కంపెనీలు కనీసం 2,500 డాలర్ల పిప్ ఇస్తామని చెప్పి తీరాలి. వద్దనుకుంటే మీరు రాతపూర్వకంగా వద్దనాలి. ఆన్‌లైన్ కోట్లలో చాలాసార్లు అది తీసేసే ధర చూపిస్తారు. చివర్లో ఈ-సంతకం పెట్టించే కాగితాల్లో తిరస్కరణ పత్రం కూడా కలిసిపోయి ఉంటుంది, జనం చూడకుండా సంతకం పెట్టేస్తారు. మీ హెల్త్ ప్లాన్ హై డిడక్టబుల్‌దైతే 10,000 పిప్ తీసుకోవడం మేలు. ఆసుపత్రి బిల్లే కాక, పనికి వెళ్లలేని రోజుల జీతంలో 80 శాతం దాకా కూడా లిమిట్ మేరకు ఇస్తుంది.

ఇన్సూరెన్స్ లేనివాళ్లు గుద్దితే పనికొచ్చే యు.ఎమ్. కవరేజీదీ ఇదే తంతు, వద్దంటే సంతకం పెట్టాలి. పెట్టకండి. డల్లాస్ చుట్టుపక్కల ఇన్సూరెన్స్ లేకుండా తిరిగే బళ్లకి కొదవ లేదు. మీ బండి నష్టానికి అందులో 250 డాలర్ల డిడక్టబుల్ ఉంటుంది.

ప్రీమియం ఎక్కువ రావడానికి ఇంకో పెద్ద కారణం వడగళ్లు. మార్చి నుంచి మే దాకా వడగళ్ల వాన పడితే బానెట్, రూఫ్, అద్దాలు అన్నీ పోతాయి. అది కొలిజన్ (బండి గుద్దుకున్నప్పటి నష్టం) కిందకి రాదు, కాంప్రహెన్సివ్ (వాన, దొంగతనం లాంటి మిగతా నష్టాలు) కిందకి వస్తుంది. కాబట్టి కొలిజన్ డిడక్టబుల్ 1,000 పెట్టుకున్నా కాంప్రహెన్సివ్ మాత్రం 500 దగ్గర ఉంచండి, తేడా ఎంతో రెండు విధాలా అడిగి చూడండి. ఫ్రంట్ గ్లాస్‌కి కూడా డిడక్టబుల్ వర్తిస్తుందేమో చూసుకోండి. ఈ హైవేల మీద కంకర ఎగిరి గ్లాస్ మీద చుక్కలు పడటం మామూలే. చుక్క చిన్నగా ఉన్నప్పుడే రిపేరు చేయిస్తే చాలా కంపెనీలు డిడక్టబుల్ తీసుకోవు, పగులు పాకాక మార్చాల్సిందే.

చివరిగా, కోట్ అడిగేటప్పుడు ఎడిసన్ పాలసీ డిక్లరేషన్ పేజీ (కవరేజీలన్నీ రాసి ఉండే కాగితం) పంపండి. మధ్యలో గ్యాప్ లేకుండా ఇన్సూరెన్స్ ఉందని రుజువైతే ధర తగ్గుతుంది. మీ కంపెనీయే అక్కడ కూడా ఉన్నా పాలసీ "ట్రాన్స్‌ఫర్" కాదు, టెక్సాస్‌కి కొత్తది రాస్తారు. అందుకని ఆ కంపెనీకే కట్టుబడాల్సిన పని లేదు. ఇండిపెండెంట్ ఏజెంటు దగ్గర ఇవే అంకెలతో నాలుగైదు కంపెనీలవి తెప్పించుకోండి.

కౌంటీ_ఆఫీసు_క్యూ:

పైన చెప్పింది బాగుంది. కానీ పనుల వరుస తప్పితే డబ్బు వేరే దారిన పోతుంది.

న్యూజెర్సీ నంబర్ ప్లేట్లు ఎమ్.వి.సి.కి (అక్కడి మోటారు వాహనాల శాఖకి) అప్పగించకుండా అక్కడి ఇన్సూరెన్స్ రద్దు చేయొద్దు. రిజిస్ట్రేషన్ బతికుండి ఇన్సూరెన్స్ లేదంటే సస్పెన్షన్ నోటీసు వస్తుంది, ఆ మచ్చ మీ రికార్డులో ఉంటే టెక్సాస్ ప్రీమియం కూడా పెరుగుతుంది. ముందు టెక్సాస్ పాలసీ మొదలుపెట్టండి. తర్వాత ఎమిషన్స్ టెస్ట్ (బండి పొగ పరీక్ష). 2025 జనవరి నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు కానీ కాలిన్, డెంటన్ కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్ ఉంది. ఫ్రిస్కో ఆ రెండింట్లోనూ ఉంది కాబట్టి మీ ఇల్లు ఏ కౌంటీలో పడుతుందో చూసుకోండి. అది 20 డాలర్ల లోపే. ఆ తర్వాత కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో టైటిల్ (కారు యాజమాన్య పత్రం), రిజిస్ట్రేషన్ కోసం 130-యు ఫారం.

ఖర్చు ఒక్కో కారుకి: కొత్తగా వచ్చినవాళ్లకి వేసే పన్ను 90, టైటిల్ 33, రిజిస్ట్రేషన్ 50.75, ఎత్తేసిన ఇన్‌స్పెక్షన్ పేరు మీద వసూలు చేసే 7.50 (ఇది మాత్రం ఎత్తెయ్యలేదు!). 181.25 అయింది, స్థానిక ఫీజులు కలిపి 200 అనుకోండి. కారు మీద లోన్ ఉంటే టైటిల్ బ్యాంకు దగ్గర ఉంటుంది, ముందే వాళ్లకి ఫోన్ చేసి ఏ కాగితాలు పంపుతారో కనుక్కోండి. చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు.

డ్రైవింగ్ లైసెన్సుకి 90 రోజుల గడువు ఉంది కదా అని ఆగకండి. లైసెన్సులిచ్చే డి.పి.ఎస్. ఆఫీసు అపాయింట్‌మెంట్ తేలిగ్గా దొరకదు, ఇల్లు ఖాయం కాగానే తీసుకోండి. అక్కడ టెక్సాస్ బండి రిజిస్ట్రేషన్ కూడా చూపమంటారు కాబట్టి ముందు కారు, తర్వాత లైసెన్సు. వీసా మీద ఉన్నవాళ్లు పాస్‌పోర్టు, ఐ-94, ఐ-797 రెండు చోట్లకీ పట్టుకెళ్లాలి.

పేరోల్‌లో అడ్రస్ మార్చడం చాలామంది మరిచిపోతారు. మార్చకపోతే న్యూజెర్సీ ట్యాక్స్ కట్ అవుతూనే ఉంటుంది, పార్ట్-ఇయర్ రిటర్న్ వేసేదాకా ఆ డబ్బు చేతికి రాదు.

పప్పులబ్బాయి:

సరుకుల దగ్గర ఎగిరి గంతేసేంత తేడా ఉండదు. వండని ఆహారానికి రెండు రాష్ట్రాల్లోనూ సేల్స్ ట్యాక్స్ లేదు. తేడా వచ్చేది మిగతా వస్తువుల్లో. న్యూజెర్సీలో బట్టలకి, టాయిలెట్ పేపర్, పేపర్ టవల్స్ లాంటి వాటికి ట్యాక్స్ లేదు. ఇక్కడ టెక్సాస్‌లో వాటన్నిటికీ 8.25 శాతం. కాస్ట్‌కో బిల్లు 400 వచ్చి అందులో 150 ఇలాంటివైతే 12 డాలర్ల పైన అదనం. డైపర్లకి మాత్రం 2023 సెప్టెంబరు నుంచి ట్యాక్స్ లేదు. పాప స్కూలు బట్టలు, బూట్లు ఆగస్టులో ట్యాక్స్ లేని వారాంతంలో కొనండి, ఒక్కో వస్తువు 100 డాలర్ల లోపు ఉండాలి.

పప్పు, బియ్యం పోల్చేటప్పుడు బస్తా ధర చూడొద్దు, పౌను ధర చూడండి. ఓక్ ట్రీ రోడ్డులో షాపుల మధ్య పోటీ వల్ల మీరు సేల్ ధరలకి అలవాటుపడి ఉంటారు. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలోనూ ఇండియన్ షాపులు బోలెడు. సోనామసూరి, కందిపప్పు సేల్‌కి పెట్టి జనాన్ని రప్పించి, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఫ్రోజెన్ పరోటా మీద రాబట్టుకుంటారు. బియ్యం, పప్పు ఇండియన్ షాపులో, ఉల్లి, టమాటా, పాలు, పెరుగు హెచ్‌ఈబీ లాంటి మామూలు సూపర్‌మార్కెట్‌లో కొంటే బిల్లు అదుపులో ఉంటుంది.

ఎడిసన్‌లో కుండీలో పెంచుకున్న కరివేపాకు మొక్క బండిలో వేసుకుని రావద్దు. నిమ్మ జాతిని పట్టే పురుగు దాని మీద కూడా బతుకుతుంది, అందుకని ఇక్కడ ఈ మొక్కల మీద ఆంక్షలున్నాయి. ఇక్కడే కొనుక్కోవచ్చు. గోంగూర, బెండ అయితే ఈ ఎండకి పెరట్లో విరగకాస్తాయి.

ఓక్‌ట్రీ_వాసి:

చాలా థాంక్సండీ, 100/300/100కి మళ్లీ కోట్ అడిగాను. కరెంటు గురించి ఒక సందేహం. కరెంటు ప్లాన్లు పోల్చే పవర్ టు చూజ్ సైట్‌లో ఒక ప్లాన్ యూనిట్ 8 సెంట్లు అని కనిపిస్తోంది, మిగతావన్నీ 14, 15. అది తీసేసుకోవచ్చా? మా ఆయన ఆఫీసు డల్లాస్ డౌన్‌టౌన్ వైపు, టోల్ ఎంతవుతుందో కూడా చెప్పండి.

కిలోవాట్_శాస్త్రి:

తీసేసుకోకండమ్మా, ముందు ఆ ప్లాన్ పక్కనే ఉండే ఈ.ఎఫ్.ఎల్. అనే కాగితం తెరవండి. 500, 1,000, 2,000 యూనిట్లకి సగటు ధర మూడు గళ్లలో ఉంటుంది. సైట్ మీకు చూపిస్తున్నది మధ్య గడి ఒక్కటే. అసలు కిటుకు బిల్ క్రెడిట్. ఉదాహరణకి డెలివరీ ఛార్జీతో కలిపి యూనిట్ 18 సెంట్లు, వాడకం 1,000 యూనిట్లకి చేరితే బిల్లులో 100 డాలర్లు తగ్గించే క్రెడిట్ అనుకోండి. సరిగ్గా 1,000 వాడితే 180లో 100 పోయి 80, అదే మీకు కనిపించే 8 సెంట్లు. 999 వాడితే క్రెడిట్ లేదు, 179.82. 2,000 వాడితే 260, అంటే 13 సెంట్లు. మీ ఇంట్లో ఆగస్టులో ఏసీకి 2,000 దాటొచ్చు, మార్చిలో 700కి పడిపోవచ్చు. ఇలా ఊగే ఇంటికి క్రెడిట్ ప్లాన్ నష్టమే. మూడు గళ్లలోనూ ధర దాదాపు ఒకేలా ఉన్న ఫిక్స్‌డ్ రేటు, 12 నెలలది తీసుకోండి. "రాత్రి ఫ్రీ" ప్లాన్లలో ఆ రాత్రి ఖర్చు పగటి రేటులో కలిపేసి ఉంటుంది. ఏసీ గట్టిగా పనిచేసేది సాయంత్రమే కదా.

ఆ ఇంట్లో అంతకు ముందు ఎంత వాడారో ఓనర్‌ని అడగండి. మీరు చేరాక స్మార్ట్ మీటర్ టెక్సాస్ సైట్‌లో 15 నిమిషాలకొకసారి వాడకం కనిపిస్తుంది. ఒప్పందం ఆఖరి 14 రోజుల్లో పెనాల్టీ లేకుండా కంపెనీ మారొచ్చు. ఆ తేదీ ఫోన్‌లో పెట్టుకోండి, దాటితే నెలవారీ రేటుకి నెట్టేస్తారు, అది బాదుడే.

ఇల్లు ఖాయం చేసే ముందు అడ్రస్ కోసర్వ్ అనే కరెంటు సహకార సంస్థ కిందకి వస్తుందా అని కూడా చూడండి. ఫ్రిస్కోలో కొన్ని కాలనీలు దాని కిందివే, అక్కడ ప్లాన్ ఎంచుకునే ప్రశ్నే లేదు. నీళ్ల బిల్లు కూడా లీజులో చూడండి. ఎండాకాలం గడ్డి తడపడానికి ఇంట్లో వాడకం కంటే ఎక్కువ పోతాయి, గడ్డి ఎండితే నోటీసు హెచ్.ఓ.ఏ. (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి.

కౌంటీ_ఆఫీసు_క్యూ:

టోల్ నేను చెప్తాను. మైలుకి 20 సెంట్ల పైనే. ఆయన రోజూ ఒక వైపుకి 25 మైళ్లు టోల్ రోడ్డు మీద వెళ్తే పోనూ రానూ 10 డాలర్లు, నెలకి 22 రోజులు ఆఫీసైతే 220. ఇది కారు అద్దానికి అంటించే ఇక్కడి టోల్‌ట్యాగ్ ఉంటే. లేకపోతే ప్లేట్ ఫోటో తీసి జిప్‌క్యాష్ బిల్లు పంపుతారు, దాని రేటు రెట్టింపు, అంటే 440. ఎడిసన్‌లో వాడే టోల్ ట్యాగ్ ఈజీపాస్‌ని నమ్ముకోకుండా వచ్చిన వారంలోనే టోల్‌ట్యాగ్ తీసుకోండి. ముందు న్యూజెర్సీ ప్లేటుతో నమోదు చేసి, టెక్సాస్ ప్లేటు వచ్చిన రోజే ఖాతాలో మార్చండి. ప్లేటు మార్చకపోతే, ట్యాగ్ సరిగ్గా చదవని ప్రతిసారీ పాత అడ్రస్‌కి బిల్లు వెళ్తుంది, మీరు చూసేసరికి లేటు ఫీజు కూడా చేరి ఉంటుంది. ఈజీపాస్ ఖాతా మాత్రం పాత టోళ్లన్నీ పడ్డాకే మూసెయ్యండి, దారిలో పెన్సిల్వేనియా వైపు వాడిన టోళ్లు పడటానికి టైం పడుతుంది.