కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు ఆపరేషన్స్ విభాగంలో అసలు పని ఏమిటి?

ప్రశ్న:
నేను అమెరికాలో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. మా యూనివర్సిటీ పురుషుల జట్టు ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ) పోటీలలో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో ఆడుతుంది. వచ్చే సీజన్‌కు ఆ జట్టు ఆపరేషన్స్ విభాగంలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరే అవకాశం వచ్చింది. ఆటంటే నాకు ప్రాణం, కానీ ఏనాడూ జట్టులో ఆడినవాణ్ణి కాను. అక్కడ నా పని ప్రయాణాలు, హోటళ్లు చూసుకోవడం వరకేనా, లేక ఆటతో నేరుగా సంబంధం ఉన్న పని కూడా ఉంటుందా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1:
నేను కొన్ని సీజన్లపాటు ఇదే విభాగంలో పనిచేశాను. ప్రయాణాలు, హోటళ్లు ఉంటాయి, అవి తక్కువ పనులేమీ కావు. అయితే ఆపరేషన్స్ వారి చేతిలో నిజంగా ఉండేది జట్టు సమయం. ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం, సీజన్‌లో తరగతులు జరుగుతున్నప్పుడు ఒక ఆటగాడి చేత వారానికి 20 గంటలకు మించి, రోజుకు 4 గంటలకు మించి ఆటకు సంబంధించిన తప్పనిసరి పని చేయించకూడదు; వారంలో ఒక రోజు పూర్తిగా సెలవు ఇవ్వాలి. ప్రాక్టీసు, వెయిట్ ట్రైనింగ్, కోచ్ హాజరు కమ్మన్న వీడియో సమావేశం, ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. మ్యాచ్ రోజును మాత్రం ఎంతసేపు పట్టినా 3 గంటలుగానే లెక్కిస్తారు. ఆటకు సంబంధించిన పనేదీ పెట్టకపోతే ప్రయాణంలో గడిచిన రోజును సెలవు రోజుగా చూపవచ్చు. కాబట్టి బస్సు ఏ రోజు బయలుదేరాలన్న నిర్ణయం కేవలం బస్సు గురించినది కాదు, ఆ వారంలో కోచ్‌కు ఎన్ని గంటల ప్రాక్టీసు మిగులుతుందో దానిని బట్టే తేలుతుంది.

ఇంకొక విషయం బయటివారికి అంతగా తెలియదు. సీజన్ మ్యాచ్‌లలో ఏ కంపెనీ బంతి వాడాలో ఆతిథ్య జట్టే నిర్ణయిస్తుంది. ఒక్కో కంపెనీ బంతికి పట్టు వేరు, గాడుల లోతు వేరు. అందుకే బయటి మ్యాచ్‌కు ముందు ప్రత్యర్థులు వాడే బంతులను తెప్పించి, వాటిలో గాలి సరిచూసి, ప్రాక్టీసుకు బండి నిండా సిద్ధంగా ఉంచాలి. ఈ పని స్టూడెంట్ మేనేజర్లు, అంటే జట్టుకు సాయపడే విద్యార్థులు చేస్తారు, వారిని చూసుకునే బాధ్యత చాలా చోట్ల గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌ది. కొత్త బంతితో ఆటగాళ్లు వరుసగా షాట్లు వేస్తుంటే రీబౌండ్లు అందుకుని తిరిగి పాస్ చేసేది కూడా ఆ పిల్లలే. ఆ పని ఆటతో నేరుగా సంబంధం ఉన్నదేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

సమాధానం 2:
నేను వీడియో విభాగంలో ఉన్నాను. సాధారణంగా రాబోయే ప్రత్యర్థులను అసిస్టెంట్ కోచ్‌లు వంతులవారీగా పంచుకుంటారు. ఒకరి ప్రత్యర్థితో ఈ వారం మ్యాచ్ ఉంటే మరొకరు అప్పటికే ఆ తరువాతి జట్టును చదువుతుంటారు. మేము ఆ ప్రత్యర్థి పాత మ్యాచ్‌లను ముక్కలు చేసి, పిక్ అండ్ రోల్ (తోటి ఆటగాడి అడ్డును వాడుకునే ఎత్తుగడ), పోస్ట్ (బాస్కెట్ దగ్గరి ఆట), ఇన్‌బౌండ్ (గీత బయటి నుంచి బంతిని లోపలికి వేసే) ఆటలు అంటూ విడదీసి ఇస్తాము. గంటల కొద్దీ చూసిన దానిలో ఆటగాళ్ల ముందుకు వెళ్లేది కొద్ది నిమిషాలే. ఏది తీసివేయాలో తెలియడమే ఇక్కడ నైపుణ్యం, దానికి మీరు ఆడి ఉండనవసరం లేదు, చాలా చూసి ఉండాలి. ఆ తరువాత ప్రత్యర్థి ఆటలను ప్రాక్టీసులో నడిపించి చూపేది స్కౌట్ టీమ్, అంటే ఎక్కువగా స్కాలర్‌షిప్ లేని వాక్-ఆన్ ఆటగాళ్లు. టెలివిజన్‌లో వారి పేరు వినబడదు గానీ, మ్యాచ్‌లో మన డిఫెండర్ ఒక అడుగు ముందే కదిలాడంటే ఆ అడుగు వారు నేర్పినదే.

సమాధానం 3:
షెడ్యూలు సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. నా దృష్టిలో తెర వెనుక పనులన్నింటిలోనూ ఫలితాన్ని ఎక్కువగా మార్చేది అదే. కాన్ఫరెన్స్ అంటే తమలో తాము ఏటా ఆడుకునే యూనివర్సిటీల కూటమి; ఆ మ్యాచ్‌లను కాన్ఫరెన్సే నిర్ణయిస్తుంది. మిగిలినవి ప్రోగ్రామే, అంటే ఆ యూనివర్సిటీ జట్టు యంత్రాంగమే ఫోన్లు చేసి, ఒప్పందాలు రాసుకుని సమకూర్చుకోవాలి. పెద్ద యూనివర్సిటీలు చిన్నవాటికి డబ్బు చెల్లించి తమ కోర్టుకు రప్పించుకుంటాయి, వీటిని బై గేమ్స్ అంటారు. చిన్న ప్రోగ్రామ్‌కు ఆ డబ్బు బడ్జెట్‌లో ముఖ్యమైన భాగం. కానీ అలాంటి ఓటములు పేరుకుపోతే జట్టు ఆత్మవిశ్వాసం దెబ్బతింటుంది, కోచ్ ఉద్యోగానికీ ముప్పు వస్తుంది. పెద్ద జట్ల లెక్క వేరు. ఎన్‌సీఏఏ టోర్నమెంటుకు జట్లను ఎంచేటప్పుడు చూసే ర్యాంకింగ్ ఒకప్పుడు ఆర్‌పీఐ; 2018–19 సీజన్ నుంచి దాని స్థానంలో నెట్ ర్యాంకింగ్ వచ్చింది. సొంత కోర్టులో మొదటి 30 ర్యాంకుల జట్టుతో ఆడితేనే అది క్వాడ్ వన్ (ఎంపికలో అన్నిటికన్నా విలువైన వర్గం) మ్యాచ్, అదే ప్రత్యర్థి కోర్టులో అయితే 75వ ర్యాంకు వరకు చెల్లుతుంది. మార్చిలో ఎన్‌సీఏఏ టోర్నమెంటుకు పిలుపు రాని జట్టు కారణం వెతికితే, చాలాసార్లు అది ముందటి వేసవిలో కుదుర్చుకున్న బలహీనమైన షెడ్యూలులోనే దొరుకుతుంది.

చదువు విభాగాన్ని కూడా చిన్నచూపు చూడకండి. ఆటగాళ్లు అర్హత నిలుపుకున్నారా, కాలేజీలో కొనసాగుతున్నారా అన్న దానిని బట్టి ప్రతి జట్టుకూ ఏపీఆర్ అనే స్కోరు ఇస్తారు. అది చాలనందువల్ల కనెక్టికట్ పురుషుల జట్టును 2013 టోర్నమెంటుకు అనుమతించలేదు. మరుసటి ఏడాదే ఆ యూనివర్సిటీ జాతీయ ఛాంపియన్ అయింది. ఆడగల సత్తా ఉన్న కుర్రవాళ్లు తమది కాని పాత లెక్కల వల్ల ఒక మార్చి నెలను పోగొట్టుకోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నేను ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నాను. తరగతులు జరిగే కాలంలో క్యాంపస్‌లో నేను వారానికి 20 గంటలే పనిచేయవచ్చు. ఈ పనికి ఆ పరిమితి సరిపోతుందా?

సమాధానం 1:
తరగతులు జరిగే కాలంలో ఆ పరిమితిని దాటవద్దు, ఎవరు అడిగినా దాటవద్దు. జట్టుతో ప్రయాణించే రోజుల్లో ఏ గంటలు పనిగా లెక్కకు వస్తాయో చేరకముందే యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంతోనూ, డైరెక్టర్ ఆఫ్ ఆపరేషన్స్‌తోనూ మాట్లాడి, రాతపూర్వకంగా తీసుకోండి. శీతాకాల సెలవులలో మీరు క్యాంపస్‌లో పూర్తి సమయం పనిచేయవచ్చు. ఆటగాళ్లకు కూడా ఆ సెలవులలో 20 గంటల నిబంధన వర్తించదు. అందుకే జట్టులో మిగతా రోజులకన్నా ఎక్కువ పని జరిగేది క్యాంపస్ ఖాళీగా ఉండే ఆ కొద్ది వారాలలోనే. డిసెంబరులో ఊరికి టికెట్ కొనుక్కునే ఆలోచన ఉంటే, ఆ విషయం ఇంటర్వ్యూలోనే చెప్పండి.