ట్యాగ్ చూడగానే మన డబ్బుల్లోకి మార్చి లెక్కేయడం మానేయాలా?

చలిచీమ:
చదువుకోవడానికి అప్పు చేసి విదేశానికి వచ్చా. నిన్న శనివారం మేం నలుగురం చలికోట్లు కొనడానికి వెళ్లాం. ముగ్గురు కొనుక్కున్నారు, నేను కొనలేదు. దాని మీద రాత్రి గదిలో పెద్ద గొడవే అయింది. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

నాకో అలవాటుంది. ట్యాగ్ తిప్పడం, ఫోన్ తీయడం, మన డబ్బుల్లో ఎంతో చూడడం. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఇదే పని. మూడో షాపులో ఒక ముదురు నీలం కోటు దొరికింది. లోపల మెత్తటి లైనింగ్, టోపీ కావాలంటే జిప్పు లాగి తీసేయొచ్చు, చేతులు సరిగ్గా మణికట్టు దాకా వచ్చాయి. అద్దం ముందు రెండుసార్లు వేసుకున్నా. లెక్కేశా. అమ్మ జీతం గుర్తొచ్చింది. మళ్లీ హ్యాంగర్‌కి తగిలించేశా. తిరిగొస్తుంటే బస్‌స్టాప్‌లో గాలికి పళ్లు టకటకమన్నాయి. నా రూమ్మేట్ మాత్రం తన కొత్త కోటులో హాయిగా నిలబడి, "నీతో షాపింగ్‌కి వస్తే బ్యాంకుకి వచ్చినట్టుందే" అంది.

ఇక్కడున్నన్నాళ్లూ ఇక్కడి డబ్బుల్లోనే ఆలోచించాలని తన వాదన. తెచ్చిన అప్పు మన డబ్బుల్లో ఉంది కదా అని నాది. ఎవరిది రైటు?

రెండో ఏడాది:
మీ రూమ్మేట్‌దే. మారకం రేటు వేరు, ఒక దేశంలో బతకడానికయ్యే ఖర్చు వేరు. ఎకనామిస్ట్ పత్రిక 1986 నుంచి బిగ్ మ్యాక్ ధరలు దేశాల వారీగా పోల్చి చూపిస్తోంది. బర్గర్ ఒకటే, కానీ ధరల్ని మారకం రేటుతో మార్చి చూస్తే ఒక్కో దేశంలో ఒక్కోలా తేలుతుంది. జీతాలు ఎక్కువున్న చోట మనిషి చేతి పనికి ఖరీదెక్కువ. ఆ లెక్క మన డబ్బుల్లోకి తెచ్చుకుంటే గుండె ఆగుతుంది తప్ప ఒరిగేదేమీ లేదు. నేనూ మొదటి ఏడాది జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్లకుండా స్నేహితుడి చేతికి కత్తెరిచ్చాను. ఫలితం ఫొటో పెట్టను.

ఈఎంఐ బాధితుడు:
ఈ సలహా నాకూ ఇచ్చారు, మొదటి సెమిస్టర్‌లోనే. "మార్చకు బ్రో, పిచ్చెక్కుతావు" అన్నారు. మానేశాను. నలుగురితో వెళ్లిన ప్రతిసారీ ఒక సంచి తెచ్చాను. ఒంటరిగా వెళ్తే చొక్కా ఒక్కటే కొంటాం. నలుగురైతే "మూడు కొంటే ఒకటి ఫ్రీ" బోర్డు కింద అందరూ కలిసి లెక్కలేస్తారు, ఆ ఫ్రీది ఎవరిదో తేలక ఇంకో మూడు కొంటారు. ఇంట్లోవాళ్లు డబ్బు పంపిస్తుంటే మన కరెన్సీ పడిపోయిన ప్రతిసారీ అదే కోటు వాళ్లకి ఇంకా ఖరీదవుతుంది. ట్యాగ్ మాత్రం మారదు. అది కనబడాలంటే మార్చి చూడాల్సిందే.

రెండో ఏడాది:
మీరు చెబుతున్నది గుంపుతో వెళ్లడం గురించి, మారకం గురించి కాదు.

ఈఎంఐ బాధితుడు:
రెండూ ఒకేరోజు జరుగుతాయి కదా మహాశయా. నలుగురి మధ్య ఫోన్ తీసి లెక్కేస్తే నవ్వుతారని చాలామంది తీయరు. చలిచీమగారు తీశారు. ఆ ధైర్యం నాకుంటే ఇవాళ ఇంత అప్పు ఉండేది కాదు.

లైబ్రరీ మూల:
దీని మీద ఒక పరిశోధన ఉంది. ప్రియా రఘుబీర్, జాయ్‌దీప్ శ్రీవాస్తవ 2002లో రాశారు. పరాయి కరెన్సీలో అంకె పెద్దదిగా కనిపిస్తే చేయి ముడుచుకుంటుందట, అంకె చిన్నదిగా కనిపిస్తే చేయి జారుతుందట. అసలు విలువ తెలిసినా సరే, మనసు ట్యాగ్ మీది అంకెకే అతుక్కుంటుంది. వాళ్లిచ్చిన ఉదాహరణ, ఒక డాలర్ నాలుగు మలేషియా రింగిట్‌లైతే ఆచితూచి ఖర్చుపెడతారు, అదే డాలర్ 0.4 బహ్రెయిన్ దినార్ అయితే ఎక్కువ పెట్టేస్తారు.

అంటే పెద్ద అంకెల కరెన్సీ నుంచి చిన్న అంకెల దేశానికి వచ్చినవాళ్లం, మార్చడం మానేస్తే ప్రతి ట్యాగూ చవగ్గానే కనిపిస్తుంది. రెండో ఏడాదిగారి మాట నిజమే కానీ సగమే.

కౌంటర్ వెనకాల:
వారాంతాల్లో బట్టల షాపులో పార్ట్‌టైమ్ చేస్తాను. ఈ గొడవ నా కళ్ల ముందే ప్రతి వారం జరుగుతుంది. మీరు ట్యాగ్ దగ్గర లెక్కేయడం కన్నా కౌంటర్ దగ్గర చూసుకోండి. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న కార్డు పెడితే మెషీన్ ఒక ప్రశ్న అడుగుతుంది, మీ డబ్బుల్లో కడతారా, ఇక్కడి డబ్బుల్లో కడతారా అని. పదిమందిలో సగం మంది వాళ్ల సొంత కరెన్సీ నొక్కేస్తారు, తెలిసిన అంకె కనబడుతుంది కదా. ఆ రేటు మీ బ్యాంకుది కాదు. మెషీన్ నడిపేవాళ్లు తమ లాభం కలుపుకుని పెట్టినది. ఎప్పుడూ ఇక్కడి డబ్బే నొక్కండి. వెనక క్యూ ఉంటుంది, స్నేహితులు తొందర పెడుతుంటారు, నాకూ చెప్పే సమయం ఉండదు.

ఇంకోటి. యూరోపియన్ యూనియన్‌లో ఉంటే 2022 మే నుంచి ఒక నియమం ఉంది. తగ్గింపు అని బోర్డు పెడితే, అంతకుముందు కనీసం 30 రోజుల్లో ఉన్న అతి తక్కువ ధర చూపించాలి. కొట్టేసిన పాత ధర పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చదవండి. అలాగే ఆన్‌లైన్‌లో కొంటే నచ్చకపోతే 14 రోజుల్లో వెనక్కివ్వడం అక్కడ మీ హక్కు. షాపులో చేత్తో పట్టుకుని కొన్నదానికి ఆ హక్కు లేదు, తీసుకుంటే అది షాపు దయ. రసీదు పారేయకండి. అమెరికాలో ఉన్నవాళ్ల బాధ వేరు, చాలా రాష్ట్రాల్లో పన్ను ట్యాగ్ మీద ఉండదు, కౌంటర్‌లో కలుస్తుంది.

గంటల లెక్క:
నేను డబ్బుల్లోకి కాదు, గంటల్లోకి మారుస్తాను. ఆ కోటుకి నేనెన్ని గంటలు నిలబడి గిన్నెలు కడగాలి? యూకేలో డిగ్రీ చదివేవాళ్లకి క్లాసులున్నప్పుడు వారానికి 20 గంటలకి మించి పనిచేసే వీల్లేదు. ఆస్ట్రేలియాలో రెండు వారాలకి 48. కాబట్టి గంటలే అసలు కరెన్సీ. నాలుగు చలికాలాలు వచ్చే కోటుకి పది గంటలైతే ఇస్తాను. ఒక్క పార్టీకి వేసుకునే బూట్లకి ఇవ్వను.

ఈఎంఐ బాధితుడు:
సంపాదించేవాళ్లకి బాగుంది. ఇంకా పని దొరకనివాళ్లు ఏ గంటల్లోకి మార్చాలి? మా నాన్న గంటల్లోకా?

రెండో ఏడాది:
ఇది మాత్రం ఒప్పుకుంటాను. దానికి నా దగ్గర జవాబు లేదు. నేనైతే ఇలా చూస్తా: ఇంటి నుంచి తెచ్చుకోగలిగిన వస్తువైతే మార్చి చూస్తా, లాప్‌టాప్, కళ్లజోడు, సూట్‌కేస్ లాంటివి. ఇక్కడే కొనక తప్పని వాటికి మార్చను. ఇక్కడి చలికి సరిపోయే కోటు సూట్‌కేసులో తెచ్చుకునేది కాదు చలిచీమగారూ, సగం సూట్‌కేసు అదే తింటుంది.

చలిచీమ:
అందరికీ థాంక్స్. నాకూ ఇంకా పని దొరకలేదు, ఈఎంఐ బాధితుడుగారి ప్రశ్న నాదే. అమ్మకి ఫోన్ చేసి కోటు సంగతి చెప్పాను. ధర ఎంతని అడగలేదు, "జలుబు చేస్తే డాక్టర్‌కి ఎంతవుతుంది అక్కడ?" అంది.

సోమవారం క్లాసయ్యాక ఒక్కదాన్నే వెళ్లా. నీలం కోటు నా సైజు అయిపోయింది. ఒక సైజు పెద్దది ఉంది, చేతులు వేళ్ల మీదికి జారుతున్నాయి. కొనేశా. మెషీన్ అడిగింది, ఇక్కడి డబ్బే నొక్కా. ఫోన్ తీయలేదని అబద్ధం చెప్పను, తీశా, కాకపోతే రసీదు చేతికొచ్చాక.

రూమ్మేట్ ఇప్పుడు మంచం మీద కూర్చుని చేతుల్ని లోపలికి మడిచి కుడుతోంది. నోట్లో దారం పెట్టుకుని ఇంకా వాదిస్తూనే ఉంది.